గోలు వంతు

జూలై పద్నాలుగు, ఆదివారం. తెలుక్ ఇంటాన్, అక్కావాళ్ళ ఇల్లు. పొద్దున ఎండ, మధ్యాహ్నం మబ్బు, భోజనాలయ్యాక వాన.

హాజరైనవారు: బావ, మా కాలేజీకి ఒకప్పటి ఫుట్‌బాల్ కోచ్. అక్క. టైర్ల కొట్టు చీనా మిత్రుడు, నాతోపాటు చదువుకున్నవాడు, బావ జట్టులో ఫార్వర్డ్‌గా ఆడినవాడు. కాలేజీకి ఇప్పుడు కోచ్‌గా ఉన్న కుర్రాడు, సుంగై సిపుట్ ఊరివాడు. నేను.

డైరీలో ఏ పేజీ అయినా ఇలా మొదలుపెట్టడం ఉద్యోగంలో అబ్బిన అలవాటు. జిల్లా విద్యాశాఖలో గుమస్తాగా ఉన్నన్నాళ్ళూ మీటింగుల్లో కూర్చుని మినిట్స్ రాసేవాణ్ణి. రిటైరయ్యాక మీటింగులు పోయాయి గాని తేదీ, వాతావరణం, హాజరు పోలేదు. ఆ ఆదివారం మాత్రం ఒక రకంగా మీటింగే.

మా కాలేజీ మైదానం పక్కన కొత్తగా గ్యాలరీ కట్టారు. సిమెంటు మెట్లు, పైన రేకు, అంతే. దానికి కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌లలో అందరికన్నా గొప్పవారి పేరు పెట్టాలని ప్రిన్సిపాల్ అనుకున్నారు. ఆ గొప్పవారెవరో తేల్చమని పూర్వ విద్యార్థుల సంఘాన్ని అడిగారు. సంఘం మూడు పేర్ల దాకా వచ్చి ఆగిపోయింది. ముగ్గురినీ పోల్చి ఒక పేజీ రాసి, ఒక పేరు తేల్చి, సోమవారం పొద్దున ప్రిన్సిపాల్‌కి అందించే పని నాకు అప్పజెప్పారు. ముగ్గురిలో ఒకరు మా బావేనని అక్కడికక్కడే గుర్తు చేశాను. "ఈ ఊళ్ళో ఎవరు ఎవరికి బావ కాదు లా?" అని నవ్వేశారు. ఈ మలయ్ గడ్డ మీద ఏ భాష మాట్లాడినా చివర ఆ 'లా' తగులుకుంటుంది.

ముగ్గురివీ మూడు కాలాలు. మొదటివారు పంజాబీ మాస్టారు. మా బావ విద్యార్థిగా ఉన్నప్పటి కోచ్. వాన వస్తే తలపాగా తడవకుండా దాని మీద ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, ఆట అయ్యేదాకా గీత పక్కనే నిలబడేవారట. పిల్లలు బూట్లు లేకుండా ఆడేవాళ్ళు. తోలు బంతి నీళ్ళు తాగి పనసకాయలా బరువెక్కేది. ఆయన కాలంలో కాలేజీకి ఒక్క కప్పూ రాలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

రెండోవారు బావ. ఈయన నాటికి బూట్లు వచ్చాయి, ఈపో పట్నానికి ఆడడానికి తీసుకెళ్ళే బస్సు వచ్చింది, రాష్ట్ర కప్పు రెండుసార్లు వచ్చింది. నేను ఆడినవాణ్ణి కాను. గీత పక్కన కూర్చుని ఎవరు గోలు కొట్టారో రాసినవాణ్ణి.

మూడోవాడు ఇప్పటి కుర్రాడు. కోచింగు పరీక్షలు పాసై వచ్చినవాడు. ఆట వీడియో తీసి, ఎవరు ఎక్కడ నిలబడాలో ఫోనులో గీతలు గీసి చూపిస్తాడు. ఆడపిల్లల జట్టు మొదలుపెట్టింది కూడా ఇతనే. కానీ ఈ రోజుల్లో బాగా ఆడే పిల్లల్ని చిన్నప్పుడే స్పోర్ట్స్ స్కూళ్ళు ఏరుకుపోతాయి. కాలేజీ దాకా మిగిలేది ఆట మీద ఇష్టం ఉన్నవాళ్ళే. వాళ్ళతో కప్పు గెలవడం అటుంచి, ఓడిన మర్నాడు పదకొండు మందినీ మళ్ళీ మైదానానికి రప్పించడమే ఇతనికి గెలుపు.

వీళ్ళని ఎలా పోల్చడం? వారం రోజులు కాగితం మీద గళ్ళు గీశాను, కొట్టేశాను. కప్పుల గడిలో బావ ఒక్కరే ఉన్నారు. మరి బస్సే లేని రోజుల్లో మాస్టారు ఏ కప్పు కోసం ఏ ఊరు వెళ్తారు? బావకి దొరికిన పిల్లలు ఈ కుర్రాడికి దొరికితే ఏమయ్యేది? ఒకరి కాలాన్ని తీసి ఇంకొకరి కింద పరచలేం. ఏ గడి గీసినా అది ఎవరో ఒకరి కొలతకు కుట్టిన చొక్కాలాగే తయారైంది.

వీటన్నిటి వెనకా నన్ను వేధించే సంగతి ఇంకొకటి ఉంది. బావకు ఆ పేరు కావాలి. ఆ మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. రిటైరైన నాటి నుంచి ఆయన మైదానం గేటు దాటలేదు. "పిలవకుండా పోతే పేరు కోసం తిరుగుతున్నాడంటారు," అనేవారు. పిలుపు రాలేదు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, తోచలేదంతే. గ్యాలరీ పని మొదలయ్యాక మాత్రం ఆయన సాయంత్రం నడక దారి మారింది. రోజూ అటే వెళ్ళి, కంచె ఇవతల నిలబడి మెట్లు ఎంతవరకు లేచాయో చూసి వచ్చేవారు. అక్క నాతో గుసగుసగా చెప్పేది: "రేకు ఏసినారంట, తమ్ముడూ. రంగు ఇంకా ఎయ్యలేదంట." రంగు వేశాక మిగిలేది పేరే కదా.

ఆ ఆదివారం నేను వెళ్ళేసరికే పొరపాటు జరిగిపోయింది.

కుర్రాణ్ణి కూడా భోజనానికి రమ్మన్నది నేనే, నాలుగు మాటలు అడిగి పేజీ పూర్తి చేద్దామని. అతను నాకన్నా ముందు వచ్చాడు. పెద్దవాళ్ళ ఇంటికి మొదటిసారి వట్టి చేతుల్తో పోకూడదని సుంగై సిపుట్‌లో ఉన్న వాళ్ళమ్మ ఫోన్లో గట్టిగా చెప్పిందట. ఆదివారం కావడంతో దారిలో పళ్ళ కొట్టు తెరవలేదు. వెనక్కి గదికి వెళ్ళి, ఏదో పోటీ బహుమతుల రోజు తనకు కప్పిన జరీ శాలువా తీసుకొచ్చాడు. గుమ్మంలోనే బావ భుజాల మీద కప్పి, కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

ఇక్కడి తెలుగువాళ్ళం తమిళుల దగ్గర నేర్చుకున్న మర్యాదల్లో ఈ శాలువా ఒకటి. దీన్ని పొన్నాడై అంటారు. సభ పెట్టి, మైకులో పేరు పిలిచి కప్పుతారు. ఊరికే ఎవరూ ఎవరికీ కప్పరు. అందుచేత ఇప్పటి కోచ్ వచ్చి పాత కోచ్‌కి శాలువా కప్పాడంటే, అక్కకు ఒకటే అర్థమైంది. ఫోటో తీసింది. రాజధానిలో, బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉన్న కూతురికి పంపింది. కూతురు చుట్టాలందరి గ్రూపులో పెట్టేసింది.

నేను చెప్పులు విప్పుతుండగానే అక్క ఎదురొచ్చింది. "నువ్వు సెప్పకపోయినా మాకు తెలిసిపోయింది లా! నీ కడుపులో మాట దాగుద్దేటి?"

"ఏటి తెలిసింది?"

"అదిగో, సూడు."

బావ పడక్కుర్చీలో శాలువాతో కూర్చుని ఉన్నారు. పంకా వేసినా చెమట కారుతోంది. అయినా శాలువా తీయలేదు. నన్ను చూసి, మామూలుగా కనిపించాలని ప్రయత్నిస్తూ, "రా బామ్మర్దీ, పులుసు అయిపోవచ్చింది," అన్నారు. ఆయన మొహం అంత వెలుగుతూ ఉండడం రెండో కప్పు నాడు చూశాను, మళ్ళీ ఆ రోజే.

కుర్రాడు సంతోషంగా నిలబడి ఉన్నాడు. తాను ఏం చేశాడో అతనికి తెలియదు. అక్క మాటలు అక్కాతమ్ముళ్ళ సరదా అనుకున్నాడు.

భోజనాల దగ్గర చెప్పేద్దామనుకుని, పప్పు వడ్డించాక చెప్దామని, వేయించిన ఇకాన్ బిలిస్ చేపలు పళ్ళెంలోకి వచ్చాక చెప్దామని వాయిదా వేశాను. ఆఖరికి టైర్ల కొట్టు మిత్రుడే బయటపెట్టాడు. అతనికి వచ్చిన తెలుగంతా మైదానంలో మా మధ్య నేర్చుకున్నది. ఆజ్ఞలూ తిట్లూ బాగా వచ్చు. మిగతాది తమిళంతోనూ మలయ్‌తోనూ నెట్టుకొస్తాడు.

"పేజీ రాసినావా?" అన్నాడు నాతో. "రేపే కదా ఇచ్చేది? ఎవరి పేరు?"

అక్క చేతిలో గరిటె ఆగింది. "ఎవరి పేరేటి? తేలిపోయింది కదా?"

ఇక తప్పలేదు. ఇంకా ఏమీ తేలలేదని, రేపటిదాకా గడువుందని చెప్పాను. కుర్రాడు అప్పుడు గ్రహించాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. "తాతా, అది పొన్నాడై కాదు. పళ్ళకి బదులు తెచ్చినాను."

బావ గట్టిగా నవ్వారు. "మంచిదే. అరటిపళ్ళయితే రేపటికి నల్లబడిపోయేవి," అన్నారు. నవ్వుతూనే ఎడం చేత్తో శాలువా తీసి, మడిచి, కుర్చీ వెనక వేశారు. ఆ మడవడం చాలా నెమ్మదిగా జరిగింది. అక్క ఫోను మాత్రం టీవీ పక్కన టింగు టింగుమని మోగుతూనే ఉంది. ఎవరెవరో అభినందనలు పంపుతున్నారు.

మాట మళ్ళించడానికి మిత్రుడు వాదన అందుకున్నాడు. "ఆలోచన ఏటి లా? చిక్‌గు పేరు రాయి." చిక్‌గు అంటే మలయ్‌లో మాస్టారు. బావను ఊరంతా అలాగే పిలుస్తుంది. "రెండు కప్పులు. ఇంకెవరు తెచ్చినారు?"

"కప్పులు లెక్కేస్తే నా పేరు తీసెయ్యండి," అన్నాడు కుర్రాడు. "ఎలాగూ తీసెయ్యండి. నా పేరు పెట్టి, వచ్చే ఏడు నన్ను పీకేస్తే, గ్యాలరీకి సున్నం కొడతారా?"

బావ కూడా నవ్వారు. కుర్రాడికి ధైర్యం వచ్చింది. చేయి కడుక్కోకుండానే నా వైపు తిరిగాడు.

"సార్, నేనొకటి సెప్తాను, రాసుకోండి. సుంగై సిపుట్‌లో నాకు ఆట నేర్పిన సార్ గోలు వంతు పెట్టేవోడు. అది ఎవరు నేర్పినారని అడిగితే, తెలుక్ ఇంటాన్ చిక్‌గు అన్నాడు. నా పిల్లల సేత ఇప్పుడు నేనూ అదే సేయిస్తున్నాను."

గోలు వంతు అంటే ఏమిటో మా కాలేజీలో ఆడిన ఎవరినడిగినా చెప్తారు. ప్రాక్టీసులో వారానికొకడు గోలు కాయాలి. కెప్టెనైనా సరే, ఎంత గొప్ప ఫార్వర్డైనా సరే. మిగతావాళ్ళందరూ వాడి మీదికి కొడతారు. వారం రోజులు అలా నిలబడి వచ్చినవాడు మ్యాచ్‌లో గోలు పోయినప్పుడు కీపర్ని తిట్టడు. బావ జట్టులో ఒకరి మీద ఒకరు అరుచుకోవడం ఉండేది కాదు. రెండు కప్పులూ అందుకే వచ్చాయని మా ఊరి నమ్మకం.

"నా వంతు వారం మర్చిపోలేదు," అన్నాడు మిత్రుడు. "చిక్‌గు గీత మీద నిలబడి ఒకటే తిట్లు. ఓరి దున్నపోతా, కాలు కదుపు! ఓరి దున్నపోతా!"

"కదిపినావేటిరా ఎప్పుడైనా?" అన్నారు బావ.

"కప్పులు అద్దాల బీరువాలో ఉన్నాయి, సార్," అన్నాడు కుర్రాడు నాతో. "నా పిల్లలు ఆటి వైపు కూడా సూడరు. గోలు వంతు మాత్రం రేపు పొద్దున కూడా జరుగుద్ది. ఈయన పేరే ఉండాల."

వారం రోజులుగా నేను వెతుకుతున్నది ఇదే. ఎంత గెలిచారన్నది కాదు, వాళ్ళు వెళ్ళిపోయాక ఏది నడుస్తోందన్నది. ఈ కొలత ఏ కాలానికైనా సరిపోతుంది. బావమరిదినన్న బెరుకు కూడా పోయింది. ఇది నా మాట కాదు, పోటీలో ఉన్న మనిషి నోటి మాట. జేబులోంచి పెన్ను తీశాను. అక్క వెళ్ళి, బావ కుర్చీ వెనక ఉన్న శాలువా మీద చెయ్యి వేసింది.

"రాయకు," అన్నారు బావ.

పెన్ను అలాగే పట్టుకుని చూశాను.

"అది నాది కాదురా. మాస్టారిది."

"పంజాబీ మాస్టారిదా?" అన్నాను. "ఆయన జట్టువాళ్ళు ఎవరూ ఎప్పుడూ అనలేదే."

"అనడానికి ఎవరు మిగిలినారు? రబ్బరు తోటలు అమ్మేసినాక తలొక ఊరూ పోయినారు. ఉన్నోడిని నేనొక్కడినే." ఆయన పళ్ళెం పక్కకు జరిపారు. "అప్పుడు గోలు కాసేది నేనే, అది మీకు తెలుసు. శనివారం ప్రాక్టీసుకి ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవోడిని, అది తెలవదు. నాయన లేడు. అమ్మ రబ్బరు పాలు గీసేది. కాలేజీ లేని రోజు పాల బకెట్లు నేను మోయాల. మోసి, తూయించి, బకెట్లు కడిగి, సైకిలు తొక్కుకుంటా వచ్చేసరికి సగం అయిపోయేది. ఆడిని తీసేసి ఇంకొకడిని పెట్టండని జట్టంతా గోల. మాస్టారు నన్ను ఎందుకు ఆలస్యమని కూడా అడగలేదు. ఆళ్ళతోనే అన్నారు, ఆడు వచ్చేదాకా మీలో ఒకడు నిలబడండి, వారానికొకడు. అందరూ నిలబడినారు. ఆ తరవాత నన్ను తీసెయ్యమని ఎవడూ అనలేదు. గోలు ఒదిలేసినా తిట్టలేదు."

బయట వాన మొదలైంది. రేకు వసారా మీద చప్పుడు.

"నేను కనిపెట్టింది కాదు అది," అన్నారు. "నా కోసం పుట్టింది."

మిత్రుడు ఒప్పుకోలేదు. అతను ఆటలోనూ అంతే, విజిల్ వేసినా బంతి వదిలేవాడు కాదు. "ఆయన ఒక్కడి కోసం సేసినాడు, చిక్‌గు. మీరు అందరి సేతా సేయించినారు. మీరు లేకపోతే ఆ పద్ధతి ఆయనతోనే పోయేది. ఎవరు పెద్ద?"

బావ తడుముకోలేదు.

"ఇద్దరినీ తక్కెట్లో పెట్టకండి. ఆ శనివారం మాస్టారు నన్ను పొమ్మనుంటే, తూయడానికి రెండో పక్క నేనే ఉండను." నాతో అన్నారు, "ఆయన పేరు రాయి, బామ్మర్దీ."

కావాలనుకున్నది ఎదురుగా ఉంది. ముగ్గురం ఆయన చేతిలో పెట్టబోయాం. ఆయన నోరు మూసుకుని కూర్చుంటే చాలు, కాదనడానికి ఈ భూమ్మీద సాక్షి లేడు. అలా కూర్చోలేకపోయారు.

నేను అక్క వైపు చూశాను. ఆవిడ అప్పటికే వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు వినబడింది. కాసేపటికి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పాలు మోసినారని ఇంతమంది మజ్జన ఇప్పుడు సెప్తున్నారా?"

బావ తలెత్తలేదు. "తోట గుమస్తాగారి అమ్మాయివి. నీకు ఏటని సెప్పేది?"

"ఆ గుమస్తాగారే కదండీ పాలు తూచింది!" అంది అక్క. "నేను షెడ్డు అరుగు మీద కూకుని సూసేదాన్ని. తూయగానే సైకిలెక్కి ఎగిరిపోయేవోరు. ఎక్కడికి పోతాడు నాయనా ఈడు అని అడిగితే, ఆటకి పోతాడమ్మా అనేవోడు. తెలిసే ఇచ్చినాడు నన్ను."

నేను అప్పుడు ఉయ్యాల్లో ఉన్నవాణ్ణి. ఈ కథ నాకూ కొత్తే.

"మరి ఇన్నాళ్ళూ అనలేదేటి?" అన్నారు బావ.

"మీరే సెప్తారని." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. పేరు పోయినందుకో, మరి దేనికో, నేను అడగలేదు. "అది సరే. ఇందరు ఫోన్లు సేస్తున్నారు. నేను ఏటి సెప్పాల?"

"జరిగింది సెప్పు."

"ఏటి జరిగిందని? పళ్ళ కొట్టు మూసుందనా?"

కుర్రాడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. మిత్రుడు బల్ల మీద కొట్టి నవ్వాడు. నేను వసారాలో కూర్చుని పేజీ రాశాను. గళ్ళు గీయలేదు. బావ చెప్పింది చెప్పినట్టు రాసి, కింద మాస్టారి పేరు రాసి, పైకి చదివాను. "తలపాగా మీద ప్లాస్టిక్ సంచి సంగతి కూడా రాయి," అన్నారు బావ. రాశాను.

వాన తగ్గక రాత్రి అక్కడే ఉండిపోయాను. మర్నాడు సోమవారం. వాన వెలిసింది, ఆకాశం తేటగా ఉంది. కాలేజీకి నేను కారు తీస్తుంటే బావ వచ్చి పక్కన కూర్చున్నారు. "గేటు దాకా వస్తాను," అన్నారు. అక్క వెనక ఎక్కింది. పొద్దుటి చలికి జరీ శాలువా కప్పుకుంది. "మడిచి బీరువాలో పెట్టి ఏటి సేస్తాను?" అంది. దారి పొడుగునా ఫోనులో చుట్టాలకు జవాబులు రాస్తూనే ఉంది. "పేరు ఈయనది కాదు, ఈయన మాస్టారిది" అన్నది ఆ జవాబు. ఒకటే జవాబు, అందరికీ.

ప్రిన్సిపాల్ పేజీ నిలబడే చదివారు. చదివాక కూర్చుని మళ్ళీ చదివారు. మంచిదన్నారు. నేను బయటికి వచ్చి గేటు వైపు చూస్తే బావ అక్కడ లేరు.

మధ్యాహ్నాలు వాన పడుతోందని ఆ నెలలో ప్రాక్టీసు పొద్దున్నే పెట్టుకున్నారు. మైదానంలో అక్కడక్కడా నీళ్ళు నిలిచి ఉన్నాయి. బావ ఆ నీళ్ళలోంచే, ప్యాంటు మడమల పైకి మడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, గోలు దగ్గరికి నడుస్తున్నారు. ఎవరూ పిలవలేదు. కుర్రాడు విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు.

"ఈ వారం వంతు ఎవరిది?" అని బావ మలయ్‌లో అడిగారు.

జడ పైకి ముడేసుకున్న ఒక అమ్మాయి చేయెత్తింది.

"ఇవాళ్టికి నాకియ్యి."

ఆ అమ్మాయి చేతి తొడుగులు విప్పి ఇచ్చింది. మొదటి బంతిని ఎవరో పిల్లాడు భయపడుతూ దొర్లించాడు. బావ దాన్ని కాలితో ఆపి, వాడికే తిప్పి తన్ని, "ఆడడం రాదా? కొట్టు!" అని గద్దించారు. రెండోది నిజంగానే వచ్చింది. ఆయన చెయ్యి లేచేలోపే వెనక వలలో పడింది. పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు, ఒక్క మాట అనలేదు. వాళ్ళందరూ ఆ చోట నిలబడి వచ్చినవాళ్ళే.

ఇంకా పేరు రాయని గ్యాలరీలో, తడి మెట్టు మీద అక్క ఒక్కతే కూర్చుని ఉంది. టైర్ల కొట్టు వ్యాను కంచె పక్కన ఆగింది. మిత్రుడు కిటికీలోంచి తల బయటపెట్టి, చాలా ఏళ్ళుగా దాచుకున్న మాట మైదానమంతా వినబడేలా అరిచాడు.

"ఓరి దున్నపోతా, కాలు కదుపు!"

బావ అటు తిరగలేదు. మోకాళ్ళు వంచి, రెండు చేతులూ చాపి, తర్వాతి బంతి కోసం చూస్తున్నారు.